ముప్పై ఎనిమిది పోగుల తువ్వాలు

పొద్దున పూట చేలో నిలబడి మాట్లాడితే నా గొంతు నాకే వినబడుతుంది. ఇరవై రెండేళ్లు షోలాపూర్‌లో అశోక్ చౌక్ దగ్గర మగ్గాల కార్ఖానాలో బతికినవాడికి ఇది చిన్న సుఖం కాదు. ఒకే రేకుల కప్పు కింద పద్దెనిమిది పవర్‌లూమ్‌లు ఆడుతుంటే పక్కనున్న మనిషికి ఏదైనా చెప్పాలంటే చెవిలో అరవాలి. ఆ అలవాటు ఒంట్లోంచి పోవడానికి ఏడాది పట్టింది. కుంభారి వైపు వచ్చిన కొత్తలో, పది అడుగుల దూరంలో ఉన్న నా భార్యను మంచినీళ్లు అడిగితే పక్క చేలోంచి పిచ్చుకలు గుంపుగా లేచిపోయేవి.

“గంతగనం మొత్తుకుంటవేందయ్యా? నేనేమన్న కార్ఖానల ఉన్ననా?” అనేది ఆమె.

గాలి ఇంకో సుఖం. కార్ఖానాలో గాలికి రంగు ఉండేది. ఆ రోజు ఏ రంగు నూలు ఎక్కితే ఆ రంగు నుసి మా కనుబొమ్మల మీద, ముక్కుల్లో పేరుకునేది. ఇక్కడ మార్గశిరంలో తెల్లవారి చేను మీదుగా వచ్చే గాలిలో తడిసిన నల్లమట్టి వాసన, జొన్నాకు వాసన తప్ప మరేమీ ఉండదు.

ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. కానీ నేను సుఖం కోసం చేలోకి రాలేదు. ఒక మనిషి మీద పగతో వచ్చాను. సుఖం తర్వాత దొరికింది. అది దొరికిన ప్రతిసారీ, ఇది ఆ మనిషికి లేదు కదా అని ఒకసారి అనుకుని, అప్పుడు అనుభవించాను.

ఆ మనిషి మా కార్ఖానా యజమాని, మా శేట్. పరాయివాడు కాదు, మా వాడే. వాళ్ల తాత, మా తాత తెలంగాణలో ఒకే జిల్లా నుంచి మగ్గాల పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. వాళ్లు కార్ఖానా కట్టారు, మేము జోడ్‌భావి పేట్‌లో ఒక గదిలో ఉండి ఆ కార్ఖానాకు వెళ్లాం. నేను ఐదో తరగతి వరకే చదివాను. మిగిలిన లెక్కలన్నీ తువ్వాళ్ల మీద నేర్చుకున్నాను. ఎంత వెడల్పుకు ఎన్ని పడుగు పోగులు పెట్టాలి, పడుగు చుట్టిన ఒక పెద్ద బీములో ఎన్ని తువ్వాళ్లు వస్తాయి, ఎంత నూలు మిగులుతుంది, ఇవన్నీ కాగితం లేకుండా చెప్పేవాణ్ణి. అందుకే నేత మాన్పించి నన్ను లెక్కకు పెట్టారు. నా చొక్కా జేబులో ఎప్పుడూ ఒక మడత భూతద్దం ఉండేది. దాని అడుగున సరిగ్గా అంగుళం కొలత గల చదరం. దాన్ని బట్ట మీద పెట్టి, కన్ను ఆనించి, అంగుళంలో అడ్డంగా ఎన్ని పేక పోగులున్నాయో లెక్కపెడతాం. పోగులు తగ్గితే తువ్వాలు పల్చనవుతుంది, నీళ్లు పీల్చదు. కార్ఖానాలో అందరూ నన్ను లెక్కల మాస్తర్ అనేవారు. నాకు వేరే ఆస్తి లేదు, ఆ పిలుపు తప్ప.

ఒకసారి పెద్ద ఆర్డర్ వచ్చింది. తెల్ల తువ్వాళ్లు, అంచున రెండు ఎర్ర గీతలు, మధ్యలో ఒక నీలి గీత. అంగుళానికి నలభై నాలుగు పేక పోగులు ఉండాలని కొనేవాళ్లు చెప్పారు. రెండో రోజున శేట్ నన్ను గోడౌన్‌లోకి పిలిచి, ఎవరూ లేకుండా చూసి, “చక్రం మార్చు మాస్తర్. ముప్పై ఎనిమిది చాలు. గిన్నిట్ల ఎవడు లెక్కపెడ్తడు?” అన్నాడు. మగ్గం పక్కన ఒక పళ్ల చక్రం ఉంటుంది. అది మారిస్తే పోగుల లెక్క మారుతుంది. నేను వద్దన్నాను. మళ్లీ అన్నాడు. మార్చాను. ఆ మార్చడం నా తప్పే, దాన్ని దాచను.

కొనేవాళ్లు లెక్కపెట్టారు. మూటలన్నీ వెనక్కి వచ్చి కార్ఖానా వాకిట్లో పడ్డాయి. కొనేవాళ్ల మనిషి పక్కన నిలబడి ఉండగా, నేసేవాళ్లందరూ మగ్గాలు ఆపి చూస్తుండగా, శేట్ నా వైపు వేలు చూపించాడు.

“ఈయన లెక్క తప్పిండు. నలభై నాలుగని చెప్తే ముప్పై ఎనిమిది పెట్టిండు.”

నేను నోరు తెరిచాను. ఆయన ఇంకా గట్టిగా అన్నాడు: “నీకు లెక్కలొస్తే ఐదు తరగతులకాడ్నే ఎందుకు ఆగుతుంటివి?”

నవ్వారు. ఇరవై రెండేళ్లు నాతో టీ తాగినవాళ్లు నవ్వారు. మగ్గాలు మరమ్మతు చేసే జాబర్, నాకంటే పెద్దవాడు, ఆయనా నవ్వాడు. శేట్ విప్పిన మూటలోంచి ఒక తువ్వాలు తీసి నా మొహం మీదికి విసిరాడు.

“ఇంటికి తీస్కపోయి కూసోని లెక్కపెట్టు!”

తీసుకుపోయాను. ఆ మర్నాడు పనికి వెళ్లలేదు. ఆ తర్వాత ఎప్పుడూ వెళ్లలేదు. అప్పటికే నా భార్యకు బీడీ కార్మికురాలిగా కుంభారి దగ్గర కాలనీలో ఇల్లు వచ్చి ఉంది. ఊరికి దూరమని, బస్సు సరిగా లేదని వెళ్లకుండా ఉన్నాం. ఆ నెలలోనే వెళ్లిపోయాం.

కాలనీ చివర మా ఇల్లు. ఇల్లు దాటితే నల్లరేగడి చేలు. ఆ చేలలో ఒకటి ఒక మరాఠీ ఆమెది, అరవై దాటిన మనిషి. నేను తాయి, అంటే అక్కా, అని పిలిచేవాణ్ణి, ఆమె నన్ను భావ్, తమ్ముడూ, అనేది. చెయ్యలేక వదిలేసిన అరెకరం బటయికి ఇస్తానంది, అంటే పంటలో ఆమెకు సగం, మాకు సగం. నా భార్య నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

“సాలోళ్లం మనకు సాగుబడి ఏంది? నువ్వు నాగలి ఏ దిక్కున పట్టుకుంటరో కూడ ఎరుగవు.”

“లెక్క ఎక్కడైనా లెక్కే” అన్నాను.

ఆ మాటే నా కొంప ముంచింది. మా పనిలో చిక్కదనమంటే గొప్పదనం. ఎన్ని ఎక్కువ పోగులుంటే బట్ట అంత మంచిది. అది చాలక, నా లెక్కతో నేసిన దాన్ని పల్చన అన్నారు కదా, ఇక ఈ జన్మలో నా చేతి పనిని ఎవరూ పల్చన అనకూడదని ఒట్టు పెట్టుకున్నాను. చుట్టుపక్కల యాసంగి జొన్నను విత్తే గొర్రుతో పద్దెనిమిది అంగుళాలకు ఒక సాలు చొప్పున వేస్తారు. మొక్కకూ మొక్కకూ మధ్య ఆరు అంగుళాలు వదులుతారు. ఆ లెక్కన అరెకరానికి ఇరవై తొమ్మిది వేల మొక్కలు. ఇంత నేల ఖాళీగా వదిలేస్తారేంటని నాకు నవ్వొచ్చింది. నేను తొమ్మిది అంగుళాలకు ఒక సాలు, నాలుగు అంగుళాలకు ఒక మొక్క పెట్టాను. ఎనభై ఏడు వేలు. సరిగ్గా మూడింతలు.

గొర్రు వద్దన్నాను. రెండు గట్ల మీద మేకులు కొట్టి, పనికిరాని నూలు పేని దారాలు లాగి, వీధిలో పడుగు పరిచినట్టు చేనంతా పరిచాను. మేమిద్దరం ఆ దారాల వెంట వంగి తొమ్మిది రోజులు చేతులతో గింజలు వేశాం. తాయి రోజూ గట్టు మీద కూర్చుని చూసేది. నాలుగో రోజున ఉండబట్టలేక, “భావ్, హా టవెల్ నాహీ, శేత్ ఆహే” అంది. ఇది తువ్వాలు కాదు తమ్ముడూ, చేను అని. నేను పట్టించుకోలేదు.

నెల రోజులు నా చేనంత అందమైన చేను ఆ దిక్కున లేదు. వేలు దూర్చే సందు లేకుండా పచ్చగా, నున్నగా, నిజంగా తువ్వాలు పరిచినట్టే ఉంది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తే పొంగిపోయాను. కానీ యాసంగి జొన్నకు పై నుంచి వాన ఉండదు. వానాకాలం నల్లమట్టి దాచుకున్న తడే దానికి తాగునీరు. ఇరవై తొమ్మిది వేల నోళ్లకు చాలే తడిని ఎనభై ఏడు వేల నోళ్లు పంచుకున్నాయి. పుష్యం వచ్చేసరికి ఆకులు చుట్టుకుపోయాయి. కంకులు నా బొటనవేలంత వచ్చాయి. సగం కంకులు రానేలేదు.

తాయి ఆ ఎండిన చొప్పను తన బర్రెకు కోసుకుపోయింది. ఊళ్లో మాత్రం నవ్వారు. మా కాలనీ నుంచి అశోక్ చౌక్‌కు పనికి వెళ్లేవాళ్లు ఈ సంగతి మోసుకెళ్లారు. శేట్ టీ కొట్టు దగ్గర నిలబడి అన్న మాట రెండు రోజుల్లో నా దగ్గరికి వచ్చింది.

“తువ్వాల్ల పల్చన, చేన్ల చిక్కన. రెండు తావుల లెక్క తప్పినోడు ఈ దునియాల వాడొక్కడే!”

మాట బాగుంది, ఒప్పుకోవాలి. అందుకే అందరికీ నోటికి వచ్చేసింది. బస్సులో ఎవరో తెలియనివాళ్లు కూడా నన్ను చూసి ఆ మాట అనుకుని నవ్వారు. ఇంటికి వచ్చి ఆ తువ్వాలు తీశాను. భూతద్దం పెట్టి మళ్లీ లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది. ఉతికి, ఆరేసి, మడతపెట్టి, గోధుమల డబ్బా మీద పెట్టాను. దాన్ని ఒక రోజు ఆయన చేతిలో పెడతాను, ఆయన నోటితోనే ఆ లెక్క చెప్పిస్తాను అనుకున్నాను. ఎలాగో అప్పటికి తెలియదు.

రెండో ఏడు తాయి మాట విన్నాను. గొర్రుతో వేయించాను. అయినా గొర్రు అక్కడక్కడ గింజ ఎక్కువ వదులుతుంది, మొలకలు గుబురుగా వస్తాయి. మూడు వారాలకు వాటిని పీకి పల్చన చేయాలి. నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. బతికున్న, పచ్చని, ఏ తప్పూ చేయని మొక్కను నా చేత్తో పీకి పక్కన పారేయాలి. మొదటి సాలులో పది మొక్కలు పీకి ఆగిపోయాను. తాయి వచ్చి, వంగి, నా సాలులో చకచకా పీకుతూ పోయింది. ఆమె వెనక నడిచాను. ఆమె చేయి వదిలిన ఖాళీ చోట్ల లెక్కపెట్టుకుంటూ నేర్చుకున్నాను.

మూడో ఏటికి నాకు చేను వచ్చింది. ఎప్పుడు ఏ పిట్ట ఎటు నుంచి వస్తుందో తెలిసింది. నాలుగు గుంజలు పాతి మంచె వేశాను. దాని మీద కూర్చుని వడిసెలలో మట్టిగడ్డ పెట్టి తిప్పి విసిరితే రివ్వున పోయే శబ్దం, పిట్టల గుంపు ఒక్కసారిగా పక్కకు తిరిగి ఎండలో తెల్లగా మెరవడం, అంతకంటే పెద్ద వినోదం నేను కార్ఖానాలో ఉండగా చూడలేదు. నా భార్య మంచె నీడన చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆమె చేతులు వాటంతట అవే లెక్కపెడతాయి, నోటితో లెక్క అక్కర్లేదు. మధ్యాహ్నం జొన్నరొట్టె, వేరుశనగ చట్నీ, చేలోంచి తెంపిన పచ్చి ఉల్లికాడ. ఒకరోజు తింటూ ఉండగా ఆమె అంది, “ఇప్పుడు నీకు ఆ శేట్ యాదికొస్తడా?”

“రోజూ” అన్నాను.

“అబద్ధం చెప్పు కొంచెం, నీ సొమ్మేం పోతది?”

ఐదో ఏడు మా పంట చుట్టుపక్కల అన్నిటికంటే బాగా వచ్చింది. ఒక్కో కంకి నా పిడికిలి కంటే పెద్దది. తాయి ఇచ్చిన విత్తనం హుర్డాకు మంచిదని పేరు. షోలాపూర్‌లో చలికాలం వస్తే హుర్డా తినని మనిషి ఉండడు. గింజ పాలు పోసుకుని గట్టిపడే ముందు కంకి కోసి, పిడకల నిప్పులో కాల్చి, వేడివేడిగా అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది తినాలి. కార్ఖానాల శేట్లు ఏడాదికోసారి తమ మనుషులను ఏదో ఒక చేనుకు హుర్డాకు తీసుకెళ్తారు. మా శేట్ ఎప్పుడూ వెళ్లే తోటలో ఆ ఆదివారం జాగా లేదట. జాబర్ మా చేను సంగతి చెప్పాడట.

“లెక్కల మాస్తర్ చేనా? పోదాం పా! ఈసారి ఎంత చిక్కగ నేసిండో సూడాలె” అన్నాడట శేట్.

నవ్వడానికే వస్తున్నాడు. రమ్మని కబురు పంపాను. శనివారం సాయంత్రం గోధుమల డబ్బా మీది మడత తీశాను. నా భార్య చూసింది. “అంచు లోపలికి మడువు” అంది, అంతే.

పన్నెండు మంది వచ్చారు. శేట్ కారులో, మిగిలినవాళ్లు బండ్ల మీద. శేట్ వెంట ఆయన దగ్గర సరుకు కొనే ఇద్దరు వ్యాపారులు కూడా ఉన్నారు. ఆయన గట్టు మీద నిలబడి చేను చూశాడు. సాళ్ల మధ్య మనిషి నడిచేంత ఖాళీ, ఆ పైన బరువుకు వంగిన కంకులు. నవ్వడానికి తెచ్చుకున్న మొహం కాసేపు ఏం చేయాలో తెలియకుండా ఉండిపోయింది.

“ఏం లెక్కల మాస్తర్, ఈసారి ఎన్ని పోగులేసినవ్?”

“అద్దగజానికి ఒక్క సాలు, శేట్. కూసోండ్రి.”

గుంత తీసి పిడకలు ముందే కాల్చి ఉంచాను. జాబర్ కంకులు నిప్పులో తిప్పాడు. నా భార్య చట్నీ, పెరుగు, బెల్లం పెట్టింది. కాలిన కంకిని చేతుల్లో పట్టుకోలేని వాళ్లకు గుడ్డ కావాలి. గుడ్డలో వేసి నలిపితే గింజ రాలుతుంది. అందరికీ గోనెపట్టా ముక్కలు ఇచ్చాను. శేట్ ముందు ఆ తువ్వాలు పరిచాను, అంచు కిందికి మడిచి.

ఆయన రెండు కంకులు తిన్నాడు. మంచి హుర్డా అన్నాడు. మూడో కంకిని తువ్వాలులో వేసి నలుపుతూ ఆగాడు. బట్టల వ్యాపారి వేళ్లు ఊరుకోవు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తువ్వాలు పట్టి రుద్దాడు. వెలుగుకు ఎత్తి చూశాడు.

“థూ! గీ తువ్వాల ఎవడు నేసిండు? మొహం తుడుస్తే అవతలికెల్లి మొహం కనవడ్తది!”

అందరూ నవ్వారు. వ్యాపారులు ఇద్దరూ వంగి చూశారు. వాళ్ల ముందు తన వేళ్ల గొప్ప చూపించుకునే అవకాశం ఆయన ఎలా వదులుకుంటాడు?

“ముట్టుకుంటే చెప్తా నేను. ముప్పై ఎనిమిది పోగులు. ఒక్కటెక్కువున్నా నా మీసం తీసి ఈ నిప్పుల ఏస్త.”

నేను చొక్కా జేబులోంచి భూతద్దం తీసి ఇచ్చాను. ఆయన దాన్ని బట్ట మీద పెట్టి, కన్ను ఆనించి, పిన్నీసు మొనతో ఒక్కో పోగూ జరుపుతూ పైకి లెక్కపెట్టాడు. “ముప్పై ఆరు... ముప్పై ఏడు... ముప్పై ఎనిమిది. చూసిండ్రా?”

“నేసినోడు లెక్క తప్పిండేమో శేట్” అన్నాను.

“లెక్క తప్పుడా?” ఆయన వ్యాపారుల వైపు తిరిగి పాఠం చెప్పినట్టు అన్నాడు. “ఒక పోగో రెండు పోగులో తప్పుతయి. గిసొంటి తువ్వాలకు నలభై నాలుగుండాలె, ఆరు తప్పవు. ఇది చక్రం మార్చి నేసిన మాల్. కావాలని చేసిన పని. దీన్ల లెక్కపెట్టినోని తప్పేం లేదు, శేట్ దొంగ!”

నేను వంగి తువ్వాలు అంచు తిప్పాను. రెండు ఎర్ర గీతలు, మధ్యలో ఒక నీలి గీత.

ఆ అంచుతో మా కార్ఖానాలో ఒకే ఒక్కసారి నేశారు. నేసినవాళ్లలో నలుగురు అక్కడే కూర్చుని ఉన్నారు. జాబర్ చేతిలో కంకి నిప్పులోనే ఉండిపోయింది, అది మాడిన వాసన వచ్చింది. ఐదేళ్లుగా ఈ చోటుకు ఒక పెద్ద మాట తయారుచేసి పెట్టుకున్నాను. చాలాసార్లు మంచె మీద కూర్చుని అనుకుని చూశాను. తీరా చూస్తే అందులో చెప్పాలనుకున్నదంతా ఆయనే చెప్పేశాడు.

“మీసం ఉండనీయండ్రి శేట్” అన్నాను. “లెక్క సరిగ్గనే ఉన్నది.”

జాబర్ నెమ్మదిగా అన్నాడు, “ఆనాడు నవ్వినోళ్లల్ల నేను గూడ ఉన్న మాస్తర్.”

“ఎరుక” అన్నాను.

శేట్ గొంతు సవరించుకున్నాడు. “పాత ముచ్చట. ఇప్పుడెందుకది?”

నేను నిప్పులోంచి అన్నిటికంటే పెద్ద కంకి తీసి ఆయన ముందు పెట్టాను. “తినుండ్రి.” లేచి వెళ్లిపోతే వ్యాపారుల ముందు ఒప్పుకున్నట్టు అవుతుంది. తినక తప్పలేదు. అది అయ్యాక ఇంకొకటి పెట్టాను. నా భార్య చట్నీ వేసింది. “మొహమాటపడకుండ్రి శేట్, అరెకరం ఉన్నది” అంది. ఆయన మొత్తం ఏడు కంకులు తిన్నాడు. చివరి నాలుగింట్లో నా చేను గింజల రుచి ఆయనకు తెలిసి ఉండదు.

క్షమించావా అని తర్వాత ఎవరో అడిగారు. లేదు. ఆ ఏడు కంకులు లెక్కపెడుతుంటే నాకు కలిగిన హాయి, చేలోకి వచ్చాక దొరికిన అన్ని సుఖాల కంటే పెద్దది. అబద్ధం చెప్పి మంచివాణ్ణి అనిపించుకోను.

వెళ్లేముందు శేట్ బిందె దగ్గరికి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు. నేను నీళ్లు పోశాను. ఇంటికి వచ్చిన మనిషికి చేతులు తుడుచుకోవడానికి తువ్వాలు ఇవ్వడం మా మర్యాద. పొట్టు దులిపి, అదే తువ్వాలు అందించాను. తీసుకున్నాడు. తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. అంగుళానికి ముప్పై ఎనిమిది పోగుల తువ్వాలు ఎంత నీళ్లు పీలుస్తుందో నాకు తెలుసు, ఆయనకూ తెలుసు.

తడి చేతులు దులుపుకుంటూ కారు దాకా నడిచాడు. నల్ల రంగు తలుపు మీద నాలుగు వేళ్ల తడి గుర్తులు పడ్డాయి. కారు మా చేను మలుపు తిరిగేదాకా అవి ఆరలేదు. నేను గట్టు మీద నిలబడి చూస్తూనే ఉన్నాను.